నీళ్ళ వెనక కప్ప

జూన్ 3

వదినగారికి నమస్కారం.

రాస్తున్నది మీ తమ్ముడు కాదు, ఆయన భార్యను. ఆయన చేత కలం పట్టించడం నా వల్ల కాలేదు. "నువ్వే రాయి. నీ అక్షరాలు చూసి అక్క నన్ను తిట్టడం మర్చిపోతుంది" అన్నారు. నేను చదివింది ఆరో తరగతి వరకే, తప్పులుంటే దిద్దుకుని చదవండి. మాట్లాడటం కంటే రాయడం నాకు నయం. నచ్చనిది కొట్టేసుకోవచ్చు.

మీరు బస్సులో పంపిన అట్టపెట్టె అందింది. వీడియో గేమ్, రెండు క్యాసెట్లు, రెండు రిమోట్లు, అన్నీ క్షేమం. పాత టీవీ పోయిందనీ, కొత్త టీవీకి పెడితే బొమ్మంతా అలుకుపోయినట్టు వస్తోందనీ మీరు రాసిన చీటీ చదివి వినిపించాను. ఈయన మా టీవీకి పెట్టి చూశారు. ఇక్కడా అంతే. తడి గుడ్డతో తుడిచిన ముగ్గులా ఉంది.

మిషనులో లోపం లేదట. అది రంగులన్నీ ఒకే యాంటెన్నా తీగలో కుక్కి పంపుతుందట. "తడిబట్టలూ పొడిబట్టలూ ఒకే సంచిలో కుక్కినట్టు. పాత టీవీ సర్దుకుపోయేది, కొత్తదానికి అంత ఓర్పు లేదు" అన్నారు. అందుకని మిషను విప్పి, లోపలి చిప్పు దగ్గరే ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడింటినీ విడివిడిగా పట్టుకుని, వేరే తీగల మీద బయటికి తెస్తారట. ఇదంతా ఆయన చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను, నాకు అర్థమయ్యి కాదు.

కొత్త తీగ కోసం వెనకవైపు చిన్న చిల్లు పెట్టాలి. మీరు ఒప్పుకుంటేనే పెడతానని డ్రిల్లు పక్కన పెట్టుకుని కూర్చున్నారు.

అన్నయ్యగారిని అడిగానని చెప్పండి.

మీ మరదలు

జూన్ 9

అమ్మాయీ,

నీ ఉత్తరం చూసి నాకు ప్రాణం లేచొచ్చింది. పెళ్ళిలో నా పక్కన అంతసేపు కూర్చుని ఒక్క మాట మాట్లాడలేదు. చిట్టిగాడు మూగపిల్లను కట్టుకున్నాడని మీ అన్నయ్యతో అన్నాను కూడా. ఆయన "నీకు వినపడదు, ఆ పిల్ల మాట్లాడదు, ఇద్దరికీ భలే పొత్తు" అన్నారు.

చిల్లు పెట్టుకోమను. వెనకవైపే కదా, నా నెత్తిన కాదు కదా.

నాకు ఫోను చెయ్యొద్దు. ఇరవై ఏళ్ళ వయసునుంచి మగ్గాల మోతలో ఉన్నాను, ఫోనులో మాట నాకు చెవిటిదాని ముందు శంఖం ఊదినట్టే. మెసేజీ కూడా వద్దు. ఇంట్లో ఉన్న ఒక్క సెల్లూ మీ అన్నయ్య ఇనపసామాన్ల కొట్టులో ఉంటుంది. ఏదైనా వస్తే ముక్కుకి ఆనించుకుని కొట్టుకొట్టంతా వినేలా చదువుతారు. మన మాటలు మేకులు కొనేవాళ్ళకెందుకు? కాగితమే మేలు.

నువ్వు నవ్వుకుంటావేమో, ఈ వయసులో వదినకి ఆటలేమిటని. అది నేనూ చిట్టీ చిన్నప్పుడు ఆడిన ఆటే. గొడుగు పట్టుకున్న కప్ప ఉంటుంది. వాడికి రిమోటు ఇచ్చేదాన్ని కాదు, పక్కన కూర్చుని చూడటమే వాడి పని. బాగా లోపలికి వెళ్తే జలపాతం వస్తుంది. కప్ప గొడుగు విప్పి నీళ్ళ వెనకనుంచి నడుస్తుంది. నీళ్ళలోంచి కప్ప కనిపిస్తుంది, తడిసిన అద్దం వెనక మనిషిలాగా. మిల్లునుంచి వచ్చి అక్కడిదాకా ఆడి, ఆ నీళ్ళు చూసి లేస్తాను. అంతకంటే ఏం లేదు.

నా పని బట్ట చూడటం. కింద దీపాలు వెలిగే అద్దం బల్లమీద బట్ట తాను నడుస్తూ పోతుంటుంది, పోగు జారితే ఆపాలి. చెవులు మిల్లు తీసుకుంది, కళ్ళు నాకు వదిలింది. వాటి మీదే బతుకుతున్నాను. ఆగస్టులో మాకు కళ్ళ పరీక్ష. తప్పినవాళ్ళని బట్ట బేళ్ళు మోసే చోటికి తోస్తారు. ప్రతి ఏడూ ఎవరో ఒకరు ఏడుస్తూ పోతారు. నాకేం బెంగ లేదనుకో. పది గజాల అవతల జారిన పోగు నన్ను పిలిచినట్టు కనిపిస్తుంది.

తొందరేం లేదని చిట్టికి చెప్పు. అంటే తొందరగా చెయ్యమని.

అక్క

జూన్ 21

వదినగారికి,

మీ ఉత్తరం ఈయనకి వినిపిస్తే, "రిమోటు ఇవ్వలేదని ఒప్పుకుంది, ఇది దాచిపెట్టు" అన్నారు.

పని అయింది. కిటికీ దగ్గర మేం అన్నం తినే బల్లే ఈయన పనిబల్ల. మిషను బోర్లా పెట్టి విప్పారు. లోపల మీ బాల్యమంతా దుమ్ముగా ఉంది. పాత పళ్ళబ్రష్షుతో నేను దులిపాను. టంకం పెట్టేటప్పుడు దీపం పట్టుకోవడం నా పని. తీగలు వెంట్రుకల్లా ఉన్నాయి. ఊపిరి వదిలితే కదులుతాయని ఇద్దరం బిగబట్టుకు కూర్చున్నాం.

మొదట వెలిగించినప్పుడు కప్ప ఎర్రగా వచ్చింది. ఆకాశం ఆకుపచ్చగా. ఈయన బిక్కమొహం వేశారు. మూడు తీగలూ ఒకదాని చోటికి ఒకటి పోయాయట. మార్చాక అన్నీ తమ తమ రంగుల్లోకి వచ్చాయి. వదినగారూ, ఎంత స్పష్టంగా ఉందో! కప్ప కంటి కింద తెల్లచుక్క ఉందని మీకు తెలుసా? ఈయన మొదటి తెర చూసి, "అయిపోయింది" అని షాపుకి వెళ్ళిపోయారు. టీవీలు బాగుచేసేవాళ్ళు టీవీ చూడరు.

మీరు కోప్పడనంటే ఒకటి చెబుతాను. ఆయన లేనప్పుడు నేను ఆడాను. మొదట గుంటలో పడ్డాను, తరవాత కొంచెం అలవాటయింది. చాలా లోపలికి వెళ్తే ఊచల తలుపు ఒకటి వచ్చింది. కప్ప ఆ ఊచల వెనక్కి వెళ్ళింది, నేను ఎంతసేపు నొక్కినా తలుపు తెరుచుకోలేదు. అది ఎలా తెరవాలో చెప్పగలరా? ఈయన్ని అడిగితే నేను ఆడానని తెలిసిపోతుంది.

జలపాతం దాకా మాత్రం వెళ్ళలేకపోయాను.

మీ మరదలు

జూన్ 28

దొంగపిల్లా!

కోపమెందుకు, ఆడు. చిట్టికి తీరని కోరిక నువ్వైనా తీర్చుకో. కానీ మన ఆటలో ఊచల తలుపు లేదు. ఆ ఆట నాకు అరచేతిలో గీతల్లా తెలుసు, తలుపనేదే లేదు. రెండు క్యాసెట్లున్నాయి కదా, రెండింటిమీదా కాగితాలు చిరిగిపోయాయి. రెండోదాంట్లోనూ అదే కప్ప, అక్కడ కోట, గేట్లు ఏవేవో ఉంటాయి. నాకు నచ్చక పక్కన పడేశాను. నువ్వు దాన్ని పెట్టుకుని నా నీళ్ళ కోసం వెతికావు. అందుకే దొరకలేదు.

కప్పకి తెల్లచుక్కా? ఇన్నేళ్ళు కాపురం చేసి చూసుకోలేదు నేను.

మీ అన్నయ్య కొత్త కుర్చీ తెచ్చుకుని గది ఆ చివర గోడకి వేసుకున్నారు. టీవీ అక్కణ్ణుంచే చూస్తారట. రాజుగారి దర్బారు. పెట్టె పంపిస్తే నేను కింద చాప మీద, ఆయన సింహాసనం మీద.

త్వరగా పంపండి. చేతులు దురదపెడుతున్నాయి.

అక్క

జూలై 5

వదినగారికి,

మీరన్నట్టే అయ్యుంటుంది. రెండో క్యాసెట్టే పెట్టి ఉంటాను. నాకు ఇవన్నీ కొత్త, తెలియక రాశాను, పట్టించుకోకండి. ఈయనకి చెప్పలేదు.

ఈ ఉత్తరం పెట్టెలోనే పెడుతున్నాను. కొత్త తీగ వెనక చిల్లులో, దాని రెండో కొస చిన్న నల్లడబ్బాలో, డబ్బానుంచి టీవీకి. మీరు తికమకపడకుండా ప్రతి కొసకీ రంగుదారం కట్టాను. ఎరుపు ఎరుపుకి, పచ్చ పచ్చకి. తీగ లాగేటప్పుడు తల పట్టుకుని లాగాలట, మెడ పట్టుకుని లాగకూడదట.

కొత్త కుర్చీకి అన్నయ్యగారికి అభినందనలు.

మీ మరదలు

జూలై 14

అమ్మాయీ,

పెట్టె చేరింది. బొమ్మ బాగుంది. చిట్టి చెయ్యి మంచిదని చెప్పు. ఇక దాని గురించి శ్రమపడొద్దు.

ఇక్కడ పని ఎక్కువగా ఉంది. తరవాత రాస్తాను.

అక్క

జూలై 20

వదినగారికి,

మీ ఉత్తరం ఈయన తనే తీసుకుని మళ్ళీ మళ్ళీ చదివారు. "అక్క ఒక్క తిట్టు కూడా తిట్టలేదు. ఏదో అయింది" అంటున్నారు. చిల్లు పెద్దదయినందుకు మీకు మనసు కష్టమయిందని ఆయన అనుమానం. పెట్టె వెనక్కి తెప్పించి మళ్ళీ చేస్తానంటారు. నిన్న షాపులో ఎవరిదో టీవీ బాగుచేస్తూ రెండుసార్లు చెయ్యి కాల్చుకున్నారు.

నా అనుమానం వేరే. మీ ఆట నేను అడగకుండా ఆడాను. లేని తలుపు గురించి రాసి మిమ్మల్ని విసిగించాను. రెండో ఉత్తరంలోనే అంత చనువు తీసుకోకూడదు. మా అమ్మ ఎప్పుడూ అంటుంది, నేను మాట్లాడితే అతిగా మాట్లాడతాను, లేకపోతే అసలు మాట్లాడనని.

తప్పు నాదయితే తిట్టండి. ఈయనదయితే ఈయన్ని తిట్టండి. మీరు ఏదీ అనకపోయేసరికి ఇక్కడ మాకిద్దరికీ అన్నం సయించడం లేదు.

మీ మరదలు

జూలై 29

అమ్మడూ,

నీది కాదు, వాడిదీ కాదు. ఇది చిట్టికి చెప్పనని మనసులో అనుకుని చదువు.

పెట్టె వచ్చిన రోజే ఆడాను. నువ్వు కట్టిన దారాల వల్ల తప్పేం జరగలేదు. బొమ్మ అద్దంలా ఉంది. కప్ప తెల్లచుక్క కూడా చూశాను. జలపాతం దాకా వెళ్ళాను. నీళ్ళు లేవు. నీళ్ళుండే చోట నిలువు గీతలు, ఒక గీత నీలం, ఒక సందు, మళ్ళీ గీత. దువ్వెన పెట్టినట్టు. కప్ప ఆ గీతల వెనక ఖైదీలా నడుస్తోంది.

ఒక కన్ను మూసి చూశాను, రెండో కన్ను మూసి చూశాను. గీతలే. మీ అన్నయ్యని అడిగాను. కుర్చీలోంచి కదలకుండా, "ఏ గీతలు? నీళ్ళు చక్కగా కారుతున్నాయిగా!" అని అరిచారు. మళ్ళీ అడిగాను. "పిచ్చిదానా, గొడుగు కూడా తడుస్తోంది" అన్నారు. ఆయన అబద్ధం చెప్పే మనిషి కాదు. ఆయనకి నీళ్ళు కనిపిస్తున్నాయి, నాకు కనిపించడం లేదు. ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

ఆ రోజునుంచి మిల్లులోనూ అంతే. బల్లమీద తాను నడుస్తుంటే గీతలు ఉన్నట్టే ఉంటుంది. మంచి బట్టని ఆపేశాను. ఒకసారి కాదు. పడుగు చూస్తే పేక చెదిరినట్టుంటుంది, దగ్గరికెళ్ళి చూస్తే ఏమీ ఉండదు. మేస్త్రీ వచ్చి నా చెవి దగ్గర "ఏమ్మా, బల్లకి బ్రేకు వేసి కూర్చుంటున్నావ్, ఒంట్లో బాగాలేదా?" అని అరిచాడు. తల ఊపాను.

పరీక్ష దగ్గరికొచ్చింది. అందరి ముందూ అక్షరాలు చదవలేక నిలబడటం నా వల్ల కాదు. సోమవారం నేనే మేస్త్రీకి చెప్పేస్తాను, బల్ల వద్దు, బేళ్ళకి పోతానని. నా అంతట నేను దిగితే కొంచెం మర్యాదైనా మిగులుతుంది. ఆ బరువులు మోసే పని నా నడుముతో ఎన్నాళ్ళో తెలియదు. మీ అన్నయ్యకి ఇంకా చెప్పలేదు.

చెవులు పోయినప్పుడు ఏడవలేదు. కళ్ళున్నాయి కదా అనుకున్నాను.

చిట్టి బెంగపడతాడు, వాడికి చెప్పకు.

అక్క

ఆగస్టు 1

వదినగారికి,

చెప్పేశాను. క్షమించండి.

ముందు ఇది చదవండి, మిగతాది తరవాత: ఆ గీతలు మీ కళ్ళలో లేవు. టీవీలో ఉన్నాయి. నేనూ చూశాను. నేను రాసిన ఊచల తలుపు అదే. రెండో క్యాసెట్టు కాదు, మీ ఆటే. మీరు అలాంటిది లేదనగానే లేదేమో అనుకుని ఊరుకున్నాను. మీ ఉత్తరంలో "ఖైదీలా" అని చదవగానే ఆ ఊచలు గుర్తొచ్చాయి.

ఈయన షాపునుంచి రాగానే కూర్చోబెట్టి మొత్తం చదివాను. ఇంత గట్టిగా నేను మాట్లాడటం ఆయన వినలేదు. తల కొట్టుకున్నారు. "జలపాతం దాకా వెళ్ళి చూసుకోవలసింది, మొదటి తెర చూసి పంపేశాను" అని. ఆయన చెప్పింది రాస్తున్నాను. వెనకున్నది కనిపించేలా నీళ్ళు చూపించే శక్తి ఆ పాత మిషనుకి లేదట. అందుకని బొమ్మలు గీసినవాళ్ళే ఒక గీత నీలం, ఒక సందు ఖాళీ, అలా గీశారట. పాత తీగలో, పాత టీవీలో గీతలన్నీ ఒకదాంట్లోకి ఒకటి అలుక్కుపోయి నీళ్ళయ్యేవి. వాళ్ళు ఆ మసకని నమ్ముకునే గీశారు. ఇప్పుడు మీ తమ్ముడు మసకంతా తీసేశారు, గీతలు గీతల్లా మిగిలాయి.

నమ్మకం లేకపోతే గుమ్మం దగ్గర నిలబడి, కళ్ళు బాగా చికిలించి చూడండి. గీతలు కలిసిపోతాయి. ఈయన తన గళ్ళచొక్కా మీద నాచేత అలా చేయించారు.

మరి అన్నయ్యగారికి నీళ్ళు ఎలా కనిపించాయని అడిగాను. ఈయన నవ్వబోయి ఆగిపోయారు. "బావ కుర్చీ ఎక్కడుంది?" అన్నారు. గది చివర అన్నాను. వదినగారూ, పెద్దవాళ్ళ గురించి ఇలా రాయకూడదు, అయినా రాస్తున్నాను. కళ్ళు చూపించుకోవలసింది మీరు కాదు, అన్నయ్యగారు.

ఈయన వెంటనే కొట్టుకి ఫోను చేశారు. "అక్కని మిల్లులో ఏమీ చెప్పొద్దనండి, గీతలు నిజంగానే ఉన్నాయనండి" అంటే, "ఏ గీతలూ లేవయ్యా, నువ్వు భలే చేశావు, నీళ్ళు అద్భుతం" అన్నారట అన్నయ్యగారు. ఆయన మీకేం చెబుతారో మాకు నమ్మకం లేదు. అందుకే ఈ ఉత్తరం పొద్దున్నే మొదటి బస్సు డ్రైవరు చేతికిస్తాను. నేనే వెళ్ళి, నేనే అడుగుతాను.

మేస్త్రీ దగ్గరికి వెళ్ళకండి.

మీ మరదలు

ఆగస్టు 13

అమ్మడూ,

నీ ఉత్తరం బస్సులో సరిగ్గానే వచ్చింది. బస్టాండునుంచి తెచ్చింది మాత్రం మీ అన్నయ్య. కవరు మీద పేరు ఎవరిదో పోల్చుకోలేక కొట్టులో గల్లాపెట్టె మీద పెట్టి, సోమవారం సాయంత్రం "ఇది మనదేనా చూడు" అని తెచ్చారు. అప్పటికి నేను మేస్త్రీకి చెప్పేశాను. బేళ్ళ దగ్గర ఒక పూట నిలబడ్డాను కూడా. నడుము పట్టుకుని ఇంటికి వచ్చి నీ ఉత్తరం చదివాను.

చదివి గుమ్మం దగ్గర నిలబడి కళ్ళు చికిలించాను. నీళ్ళు వచ్చాయి. కళ్ళు పూర్తిగా తెరిచాను, గీతలు. అలా ఎంతసేపు చేశానో! మీ అన్నయ్య కుర్చీలోంచి "ఏమే, కంట్లో నలక పడిందా?" అని అరిచారు. నాకు ఏడుపూ నవ్వూ ఏది ముందు రావాలో తెలియలేదు.

మర్నాడు వెళ్ళి మేస్త్రీతో పరీక్షకి కూర్చుంటానన్నాను. "నిన్న ఒకటి, ఇవాళ ఒకటి. నిన్ను నమ్మేదెలాగమ్మా?" అన్నాడు. కళ్ళ డాక్టరమ్మకి కప్ప, గొడుగు, గీతలు మొత్తం చెప్పాను. ఆవిడకి ఏం అర్థమయిందో ఏమో, చిట్టచివరి వరస చదవమంది. చదివాను. దానికింద అచ్చేసిన ప్రెస్సు పేరు కూడా చదివాను. మరి బట్టలో కనిపించిన గీతలేమిటని అడిగాను. "భయంతో వెతికితే ఏదైనా కనిపిస్తుంది, ఇంటికెళ్ళి నిద్రపో" అని నా చేతిమీద రాసి చూపించింది.

కిటికీ పక్కన నా బల్ల మాత్రం పోయింది. ఆ ఒక్క రోజులోనే కొత్తమ్మాయికి ఇచ్చేశారు. నాకు తలుపు పక్కన చివరి బల్ల ఇచ్చారు. ఎవరు వచ్చినా గాలి కొడుతుంది, తాను ఎగురుతుంది. రెండు రోజులు ఆ పిల్లని చూస్తే మండింది. ఇప్పుడు పోగు జారితే తనే పరుగెత్తుకొచ్చి నన్ను లాక్కుపోయి చూపిస్తోంది. ఏం చెయ్యను, చూస్తున్నాను.

అదే డాక్టరమ్మకి మీ అన్నయ్యనీ చూపించాను. పైనున్న పెద్ద అక్షరం తప్ప ఏదీ రాలేదు. కొట్టులో పై అర మీది డబ్బా అడిగితే కింద అరది ఇస్తున్నారని జనం గొడవపడుతుంటే, "ఈమధ్య మనుషులకి ఏం కావాలో వాళ్ళకే తెలియదు" అనేవారు. అద్దాలు వచ్చాయి. పెట్టుకుని ముందు నా మొహం చూసి, "ఇంత ముసలిదానివెప్పుడయ్యావే?" అన్నారు. "మీరు చూడనప్పుడు" అన్నాను.

తరవాత టీవీ ముందు కూర్చున్నారు. ఈమధ్య ఆయనకీ ఆ ఆట పిచ్చి పట్టింది. జలపాతం రాగానే లేచి నిలబడి, "నీళ్ళేవి? నీ తమ్ముడు పాడుచేసి పంపాడు!" అని కేకలు. చిట్టికి ఫోను చేస్తానని సెల్లు తీస్తే లాక్కున్నాను. కూర్చోబెట్టి నువ్వు చెప్పిందంతా చెప్పాను. సగం నమ్మారు. నేనైనా సగమే నమ్ముతున్నానేమో. కళ్ళు బాగున్నవాళ్ళకి లేని నీళ్ళు, బాగాలేనివాళ్ళకి ఉండటమేమిటి? ఆలోచిస్తే బుర్ర తిరుగుతోంది. చిట్టిని మళ్ళీ అడిగి చెప్పు. లేకపోతే వద్దులే.

ఇది రాస్తుంటే ఆయన నా పక్కన చాప మీద కూర్చుని ఆడుతున్నారు. కొత్త అద్దాలు తీసి మోకాలి మీద పెట్టుకున్నారు. "పెట్టుకోండి, వాటికోసం కాదూ ఇన్ని తిప్పలు" అని గద్దించాను. రిమోటు వదలకుండా, తల తిప్పకుండా నా చెవి దగ్గరికి వంగి అరిచారు:

"ఉండవే, కాసేపు నీళ్ళు చూడనీ."

మీ వదిన